పెదనాన్న తుండుగుడ్డ

నా చిన్నప్పుడు, పత్తికి మందు కొట్టే రోజుల్లో మా ఊళ్లో గాలి కూడా చేదుగా ఉండేది. పంపు వీపుకి తగిలించుకుని, ముక్కుకీ నోటికీ తుండుగుడ్డ చుట్టుకుని మగవాళ్లు పొద్దున్నే చేలల్లోకి దిగేవాళ్లు. ఇంటికొచ్చేటప్పుడు ఆ వాసన వాళ్లకంటే ముందే గుమ్మం ఎక్కేది. మాకది ఎంత అలవాటైపోయిందంటే, పక్కనే కూర్చుని అన్నం తింటున్నా తెలిసేది కాదు.

అలాంటి ఊళ్లో మా పక్కింటి అక్కకి పట్టుపురుగులు పెంచాలని బుద్ధి పుట్టింది. పది చదివి ఇంట్లో ఉన్న పిల్ల. పల్లెల్లో చదువుకున్న పిల్లలు ఏదో ఒకటి చేసుకుని బతకాలని ఎక్కడో శిక్షణ పెడితే, వెళ్లి నేర్చుకుని వచ్చింది. ఇంటి వెనక ఉన్న చిన్న నేలచెక్కలో పురుగుల మేతకని మల్బరీ నాటింది. పాత గదికి సున్నం కొట్టించి, కిటికీలకు దోమతెర బిగించింది. వాళ్ల నాన్నని నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. ఆయనకి ఈ వ్యవహారమంతా ఒళ్లుమంట. "పురుగుల్ని చంపలేక మేం చస్తుంటే, నువ్వు పెంచుతానంటావేమే" అని అరిచేవాడు. చివరికి ఒక మాట మీదికి దిగాడు. ఈ మొదటి పంట పట్టుగూళ్లు చేతికొస్తే సరే, లేకపోతే నోరెత్తకుండా చిలకలూరిపేటలో నూలు మిల్లు పనికి పోవాలి. అక్క ఒప్పుకుంది. మిల్లంటే ఆమెకి ఎంత భయమో నాకు తెలుసు.

ఆ పురుగుల కోసం అక్క పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా నన్ను గడప దాటనిచ్చేది కాదు. పోపు ఘాటు తగలకూడదని వంటింట్లో మిరపకాయ వేయించనిచ్చేది కాదు. మిరప పండే ఊళ్లో చప్పిడి కూరలు వండిన ఇల్లు అదొక్కటే అయ్యుంటుంది. పెద్దమ్మ గొణుక్కుంటూనే వండి పెట్టేది.

కుబుసం విడవడానికి పోయే నిద్రల్లో ఆఖరిదైన నాలుగో నిద్ర లేచాక పట్టుపురుగులు రాత్రీ పగలూ తింటూనే ఉంటాయి. గదిలో నిలబడితే రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. ఇక గూళ్లు కట్టే రోజు దగ్గరపడిందని, అవి అల్లుకోవడానికి వెదురు చట్రాలు అద్దెకు తేవాలని అక్క ఆ రోజు పొద్దున్నే పేట బస్సెక్కింది. కోసి పెట్టిన ఆకు వేళకి వేయమని నాకు అప్పగించింది. మధ్యాహ్నానికి రావాల్సిన మనిషి రాలేదు. ఆకు అయిపోయింది. పెద్దమ్మ మిరపకోతలకి పోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఏడుపు మొహం పెట్టాను.

అప్పుడు పెదనాన్న చేలో మందు కొట్టడం ముగించుకుని వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ గదిలోకి ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. ఆ రోజు చూశాడు. పురుగులు తలలెత్తి అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి. "ఆకలేస్తోందా వీటికి?" అన్నాడు. గొంతు మెత్తబడిపోయింది. చేతులు కడుక్కోవాలని నేను చెబితే కసురుకోలేదు. తొట్టి దగ్గర కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, రెండు చేతులూ చాపి నాకు చూపించాడు కూడా. మల్బరీలోకి వెళ్లి లేతాకు ఏరి ఏరి కోశాడు. మెడలో ఉన్న తుండుగుడ్డ పరిచి, అందులో మూటకట్టి తెచ్చి పురుగులున్న తట్టలన్నిట్లో తనే సర్దాడు. "తినండమ్మా, తినండి" అంటూ గేదెలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. పురుగులు ఆబగా తిన్నాయి. ఆయన మొహంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

అక్క చట్రాలు దింపుకుని ఇంట్లోకి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. పెదనాన్న టీ కొట్టు దగ్గరికి వెళ్లాడు. తట్టల్లో పురుగులు మెలికలు తిరుగుతూ పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. అక్క నన్ను అడిగింది, నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. గుమ్మం మేకుకి వేలాడుతున్న తుండుగుడ్డ తీసి వాసన చూసింది. పొద్దుటినుంచీ ముక్కుకి కట్టుకుని మందు కొట్టిన గుడ్డ అది. చేతులు కడిగించిన నాకూ, కడుక్కున్న ఆయనకీ గుడ్డ సంగతే తట్టలేదు.

అక్క ఏడవలేదు. ఆ గుడ్డని తొట్టి దగ్గర ఉతికి దండెం మీద ఆరేసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "గుడ్డ సంగతి ఎవరికీ చెప్పకు. రోగమొచ్చిందని చెబుతా. తెలిస్తే నాన్న ఇంక జన్మలో దేన్నీ చేత్తో ముట్టుకోడు" అంది.

ఒక్క పురుగూ బతకలేదు. ఒప్పుకున్న మాట ప్రకారం అక్క మిల్లుకి పోయింది. ఆమె పోయినా పెదనాన్న మాట ఆగలేదు. వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, "నేను ఆకు వేసినప్పుడు ఎంత బాగా తిన్నాయో. దీనికే చేతకాలేదు" అని. సెలవుకి వచ్చిన అక్క ఆ మాట వింటూనే వాళ్లకి కాఫీలు అందించేది. నాకు ఒళ్లు మండిపోయేది. మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. ఏళ్ల తరబడి దూది నలుసు పీల్చి అక్కకి దగ్గు పట్టుకుంది. పెదనాన్న మాత్రం తన చేతి చలవ గురించి చెప్పుకుంటూనే నిశ్చింతగా కన్నుమూశాడు. పెద్దకర్మ రోజున అక్కని నిలదీశాను, ఎందుకు చెప్పలేదని. దగ్గు ఆగేదాకా ఆగి, "ఆయన నా గదిలోకి వచ్చింది ఆ ఒక్కసారే కదే" అంది. ఆమెకి అది చాలిందేమో. నాకు ఇవాళ్టికీ చాలలేదు.

ఇప్పుడు మా పల్లెల్లో పిల్లలు పట్టుపురుగులంటున్నారు, పుట్టగొడుగులంటున్నారు, నాటుకోళ్లంటున్నారు. షెడ్డు వేసుకుని, వచ్చి చూడమని పెద్దదాన్ని కదా అని నన్ను పిలుస్తారు. వెళతాను. తండ్రి సాయం చేస్తానని లోపలికి రాబోతే ముందు ఆయన మెడవంక చూస్తాను. ఆ గుడ్డ బయట పడేసి రమ్మంటాను, ఎందుకో కూడా మొహానే చెబుతాను. నొచ్చుకుంటారు. నోటి దురుసు మనిషినని నాకు పేరు కూడా వచ్చింది. రానీ. అక్క తన తండ్రికి చెప్పలేక మింగేసిన మాటని నేను కనపడిన ప్రతి తండ్రికీ చెబుతున్నాను.