తొక్కి పట్టిన బ్రేకు

నా చేతులకు పనిని, నా నోటికి స్తుతిని ఇచ్చిన దేవునికి మహిమ కలుగును గాక. ఆయన ఎదుట అబద్ధమాడకుండా కాపాడమని వేడుకున్నాకే ఇది రాస్తున్నాను.

దురాత్మలు ఉన్నాయని వాక్యం చెబుతుంది, నమ్ముతాను. కాని చనిపోయిన మనిషి తిరిగొచ్చి మన మధ్య మసలుతాడంటే ఏనాడూ నమ్మలేదు. సమాధుల దగ్గరికి పోవడానికి భయపడేవాళ్ళను మా సంఘంలో మందలించేది నేనే.

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీద నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. తొంభైలలో దాన్ని నేనూ మా మార్త అక్క భర్త యోసేపు బావా కలిసి నడిపాం. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరుండే నిపుల్ అనే చిన్న మరను వదులు చేసి ఆయిలుతో పాటు గాలిని బయటికి వదలాలి. తొక్కేది బావ, కింద పడుకునేది నేను. లారీల మోతకు మాట వినపడదు గనుక, పెడల్ పట్టానని చెప్పడానికి బావ అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు.

మా షెడ్డులో ఇంకో అలవాటు ఉండేది. బాగుచేసిన బండిని అప్పగించే ముందు బానెట్ మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళం. ఆమేన్ అన్నాక మళ్ళీ పరీక్షించకూడదు. అలా చేయడం అవిశ్వాసమని, నియమం పెట్టింది నేనే.

ఒకసారి పెడల్ మెత్తగా ఉందని ఒక జీపు వచ్చింది. గాలి తీశాం, గట్టిపడింది. ప్రార్థన అయ్యాక బావ ఎందుకో సీట్లో కూర్చుని, "ఉండప్పా, ఇంకొంచేపు తొక్కిపట్టి చూస్తా. ఇది మెల్లగా దిగుతాండాదేమో అనిపిస్తాంది" అన్నాడు.

"ప్రార్థన చేసినాంక గూడా అనుమానమేంది బావా? దేవుని పనికి నువ్వేమన్నా మేస్త్రీవా?" అని నవ్వాను.

ఆయనా నవ్వి, బండిని ఆళ్లగడ్డలో దాని యజమానికి అప్పగించడానికి బయల్దేరాడు. శిరివెళ్ల దాటాక ముందు పోతున్న బేతంచెర్ల బండల లారీ ఆగింది. జీపు ఆగలేదు. బావ అక్కడికక్కడే పోయాడు.

తర్వాత ఆ జీపు మాస్టర్ సిలిండర్‌ను, అంటే పెడల్ తొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టే భాగాన్ని, నేనొక్కణ్ణే విప్పి చూశాను. లోపలి రబ్బరు వాషరు అంచు చిరిగి ఉంది. అట్లాంటప్పుడు గబగబా తొక్కితే పెడల్ గట్టిగానే తగులుతుంది. నిదానంగా తొక్కి పడితే ఆయిలు లోలోపలే వెనక్కి జారి పెడల్ కూర్చుంటుంది. బయట ఒక్క చుక్క కూడా కారదు. బావ చేయబోయిన పరీక్ష సరిగ్గా అదే. మార్త అక్కతో మాత్రం అంతా దేవుని చిత్తమని చెప్పాను.

పదేళ్ళు దాటాయి. మా సంఘంలోని సుగుణ టీచర్ బెంగళూరులో ఎవరో వాడిన చిన్న కరెంటు కారు కొని తెచ్చుకుంది. దానికి రెండే తలుపులు, శబ్దం లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే బండిని కొంత నెమ్మది చేస్తుంది. అందుకే ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బ్రేకు మెత్తబడిన సంగతి ఆమెకు తెలియలేదు. ఆళ్లగడ్డలో ఉపవాస ప్రార్థన కూటానికి మా అక్కను తీసుకుపోతూ ఒక ఉదయం షెడ్డు ముందు ఆపింది.

"ఏమప్పా దానియేలూ, దీని బ్రేకు దూది మింద కాలు పెట్టినట్లుండాది. చూడు" అంది.

ఇంజను లేని బండిని ముట్టుకోవడం నాకదే మొదలు. అయినా దీని బ్రేకు కూడా ఆయిలు మీద నడిచేదే. డబ్బాలో ఆయిలు తగ్గలేదు. నాలుగు చక్రాల దగ్గరా తడి లేదు. టీచర్ తొక్కి పడితే నేను గాలి తీశాను. బుడగలు వచ్చాయి, పెడల్ గట్టిపడింది.

జీపు గుర్తు రాలేదంటే అబద్ధం. కాని అక్క ఎదురుగా పెడల్ తొక్కి పట్టి చూడటానికి మనసొప్పలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

ముగ్గురం బానెట్ మీద చేతులుంచి కళ్ళు మూసుకున్నాం. తాళంచెవి టీచర్ గుప్పిట్లో ఉంది. రెండు తలుపులూ మూసి ఉన్నాయి. ప్రార్థన మధ్యలో తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. అరచేతి దెబ్బలు.

కళ్ళు తెరిచాను. కారు వెనకాల సున్నం గోడ ఎర్రగా ఉంది. బ్రేకు దీపాలు వెలుగుతున్నాయి. పక్కకు వచ్చి తలుపు అద్దంలోంచి చూస్తే సీట్లో ఎవరూ లేరు. పెడల్ మాత్రం నిదానంగా కిందికి దిగుతోంది. నేలను తాకి అక్కడే నిలిచింది. నేను తలుపు తెరిచాకే టక్కుమని పైకి లేచింది.

"తలుపెవరు కొట్టినారప్పా?" అంది టీచర్. అంటే ఆమెకూ వినపడింది. అక్క ఆ గోడనే చూస్తోంది.

బ్రేకు దీపం స్విచ్ విప్పి చూశాను, బాగానే ఉంది. అది ఇరుక్కున్నా దీపం వెలుగుతుందేమో గాని పెడల్ దిగదు. అప్పుడు నేనే కూర్చుని తొక్కి పట్టాను. ఇరవై లెక్కపెట్టేలోగా పెడల్ నేలకు దిగింది. మాస్టర్ సిలిండర్ విప్పితే వాషరు చిరిగి ఉంది.

టీచర్ బస్సులో కూటానికి పోయింది. అక్క పోలేదు. నా అరచేతిలోని వాషరును తీసుకుని చిరిగిన అంచు మీద వేలు పెట్టింది.

"ఆ పొద్దు జీపులో గూడా ఇదేనా?"

అంతా చెప్పాను. ఆయన చూస్తానంటే నేను నవ్విన సంగతి కూడా.

"అయితే ఆయప్ప ఇన్నేండ్లూ తొక్కి పట్టుకోనే ఉండాడు" అంది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

బెంగళూరు నుంచి కొత్త వాషర్లు తెప్పించి వేశాను. నిమిషం తొక్కి పట్టినా పెడల్ కదల్లేదు. ఆ తర్వాత నా చేతుల మీదుగా పోయిన ప్రతి బండినీ ఆమేన్ అన్నాకే అట్లా చూశాను. అక్క ఇప్పటికీ మందిరంలో నా ముందు వరుసలో కూర్చుంటుంది. నాతో మాట్లాడదు.

అది దేవదూత పని అని మా పాస్టరుగారు అన్నారు. దేవదూతకు మా షెడ్డు సైగ ఎట్లా తెలుసు?

చనిపోయినవారి కోసం ప్రార్థించడం మా బోధ కాదు. అయినా ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. తండ్రీ, నా తప్పును నీ చిత్తమని చెప్పిన ఈ నోటిని క్షమించు. మార్త అక్క మనసును ఓదార్చు. యోసేపు బావను ఇక ఆ పెడల్ మీద నుంచి కాలు తీయనివ్వు. ఆమేన్.