ఇరవై తొమ్మిది పిల్లిగద్దలు

నా చిన్నప్పుడు మా ఊరి రైతులు ఆకాశంకేసి చూసేది వానకోసమే. పక్షులకోసం తలెత్తి చూసే మనిషిని నేను మొదట ఎరిగింది ఆరో తరగతిలో. ఆయన మా పొలాల్లో ఎలకబుట్టలు పెట్టడానికి వచ్చే తాత.

మాది చల్లపల్లికి దిగువన, కాలువనీళ్ళు అందరికన్నా ఆఖర్న అందే ఊరు. తొంభైల మధ్యకాలం అది. దసరా వెళ్ళి వరి పొట్టకొచ్చే రోజుల్లో ఆ తాత భుజాన కావడితో వచ్చేవారు. కావడికి రెండువైపులా వెదురుతో, తాటాకుతో చేసిన బుట్టలు వేలాడుతుండేవి. సాయంత్రం గట్ల మీద వాటిని పెట్టి, పొద్దున్నే వచ్చి పడిన ఎలకల్ని తీసుకుపోయేవారు. సన్నటి మనిషి. బురదలో నడిచినా అడుగుల చప్పుడు వినిపించేది కాదు. మా నాన్నకన్నా ఇరవయ్యేళ్ళయినా పెద్దవారు, కానీ ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ‘నువ్వు’ అనే పిలిచేవారు. అది తప్పని అప్పట్లో నాకు కూడా తోచలేదు. ఇవాళ ఇది రాస్తూ ‘వచ్చేవారు, అన్నారు’ అని రాయడం నాకు కాస్త ఊరట.

ఆ ఏడు ఎలకలు విపరీతంగా పడ్డాయి. గట్టు మీంచి చూస్తే చేను పచ్చగానే కనిపించేది. లోపలికి వెళ్తే మాత్రం మధ్యలో గుండ్రంగా, కొడవలి పెట్టి కోసినట్టు, పిలకలన్నీ కొరికి పడేసి ఉండేవి. ఆ పంట తప్ప మాకు వేరే ఆధారం లేదు. నాన్న అన్నం సగంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. చివరికి రైతులంతా కలిసి, ఒకేరోజు పొలాలన్నిటికీ మందు పెడదామనుకున్నారు. నూకల్లో కలిపి కన్నాల దగ్గర పెట్టే విషం అది.

ఆ సంగతి తెలిసి తాత మా ఇంటికొచ్చారు. వాకిట్లో నిలబడి, “అయ్యా, పిల్లిగద్దలు దిగినాయి. ఇప్పుడు మందెడితే, చచ్చిన ఎలకల్ని తిని అయ్యి కూడా పోతాయి” అన్నారు.

“గద్దలెప్పుడూ ఉండేవేగా?” అన్నాడు నాన్న.

“ఊళ్ళో తిరిగే గద్దలు కాదండి. ఇయ్యి ఏటా చలికి ముందొచ్చి, ఎండలు ముదిరేలోపు పోతాయి. అయ్యి తిరిగే చేలోనే నేను బుట్టలెడతా. ఎలకలు ఎక్కడున్నయ్యో నాకన్నా వాటికే బాగా తెలుసు.”

“ఎన్నున్నాయేంటి? నాలుగు గద్దలు మూడొందల ఎకరాల్లో ఎలకల్ని తింటాయా?”

“లెక్కెట్టి చెబుతానండి” అన్నారు తాత.

నాన్నకు నవ్వొచ్చింది. కానీ కాదనలేదు. నన్ను పిలిచి, “మా అమ్మాయి లెక్కల్లో ఫస్టు. దీన్ని తీసుకెళ్ళు, కాయితం మీద రాస్తుంది. ఎల్లుండి సాయంత్రం సొసైటీ అరుగు మీద అందరం కూర్చుంటాం, అక్కడికొచ్చి చెప్పు” అన్నాడు.

మర్నాడు ఆదివారం. రఫ్ నోట్సు, పెన్సిలు పట్టుకుని తాత వెంట గట్లెక్కాను. అన్నేళ్ళుగా మా చేల మీదే తిరుగుతున్న ఆ పక్షుల్ని నేను అంతకుముందు చూసిందే లేదు. మామూలు గద్దలా పైపైన చుట్లు తిరగవవి. చేనుకి మూరెడు ఎత్తులో, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, గాల్లో తూలుతున్నట్టు మడి వెంట మడి వెతుక్కుంటూ పోతాయి. ఉన్నట్టుండి కాళ్ళు చాచి వరిలోకి పడిపోతాయి. కొన్ని ముదురు గోధుమరంగు, కొన్నిటికి తల మీద మీగడ పూసినట్టు తెలుపు. ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాను. “నాకు తెలీదు చిన్నమ్మా. వచ్చేది తెలుసు, పొయ్యేది తెలుసు” అన్నారు. తెలియదని అంత సులువుగా చెప్పిన పెద్దవాళ్ళని కూడా నేను అదివరకు చూడలేదు.

కనిపించిన ప్రతి గద్దకీ ఒక గీత గీశాను. మధ్యాహ్నం దాటేసరికి నూట నలభై రెండు గీతలయ్యాయి. గర్వంగా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. దూరంగా డొంక దాటుతున్న ఒక గద్దని చూపించి, దాన్నే చూస్తూ ఉండమన్నారు. అది కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్ళి, కాసేపటికి మరో వైపునుంచి మా ముందుకే వచ్చింది. అంతసేపూ నేను చేసిందేమిటో నాకప్పుడు అర్థమైంది. “సాయంత్రం లెక్కెడదాం. అప్పుడన్నీ ఇంటికొస్తయ్యి” అన్నారు.

ఆ ఇల్లు, పొలాల మధ్యగా పోయే మురుగునీటి డ్రెయిను గట్టు పక్కన, జంబుగడ్డి ఎత్తుగా పెరిగిన ఒక బీడు. పొద్దు వాలుతుండగా ఇద్దరం గడ్డి అంచున కూర్చున్నాం. దగ్గొద్దు, చెయ్యి ఊపొద్దు అన్నారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత పడమటినుంచి ఒకటి, మా తలల మీంచి రెండు, డ్రెయిను వెంట ఒకటి, చప్పుడు లేకుండా రావడం మొదలుపెట్టాయి. గడ్డి మీద ఒకటి రెండు చుట్లు తిరిగి, రెక్కలు ముడిచి లోపలికి దిగిపోయేవి. తాత ఒడిలో గులకరాళ్ళు పోసుకున్నారు. ఒక గద్ద దిగితే ఒక రాయి కుడిపక్కకి. దిగింది మళ్ళీ లేస్తే ఆ రాయి వెనక్కి. ఆయన చూపు గడ్డి మీంచి కదల్లేదు, వేళ్ళు వాటంతటవే పనిచేశాయి. చీకటి పడేసరికి నా పుస్తకంలో ముప్ఫై ఒకటి, ఆయన రాళ్ళు ఇరవై తొమ్మిది. “రెండు లేచి, మళ్ళీ దిగినాయమ్మా” అన్నారు. రెండోరోజు బడినుంచి రాగానే మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఇద్దరికీ ఇరవై తొమ్మిదే వచ్చాయి.

అక్కణ్ణుంచి నేరుగా అరుగు దగ్గరికి బయల్దేరాం. దారిలో నాకు దిగులు పట్టుకుంది. ఇరవై తొమ్మిదంటే అందరూ నవ్వుతారు. “తాతా, నూట నలభై రెండని చెబుదాం. నా పుస్తకంలో ఉందిగా” అన్నాను. నిజంగా ఆ గద్దలు బతకాలనే అన్నాను.

ఆయన ఆగి, నా వైపు తిరిగారు. కోప్పడలేదు. “లేని పిట్టని ఉందంటే, ఉన్న పిట్టని కూడా నమ్మరమ్మా” అన్నారు. మళ్ళీ నడిచారు. నేను వెనకాలే నడుస్తూ, ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాను.

అరుగు మీద పదిహేనుమంది దాకా కూర్చుని ఉన్నారు. తాత కింద నిలబడ్డారు. ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. “ఎన్నమ్మా?” అని నాన్న నన్నడిగాడు. నేను తల దించుకుని ఏదో గొణిగాను. ఎవరికీ వినపడలేదు. అప్పుడు తాత, తలెత్తి, స్పష్టంగా, “ఇరవై తొమ్మిదండి” అన్నారు.

నేననుకున్నట్టే అరుగు మీదవాళ్ళంతా నవ్వారు. “ఇరవై తొమ్మిది గద్దల్ని నమ్ముకుని పంట వదిలేసుకోమంటావా?” అన్నాడొక పెద్దరైతు. నాన్న నవ్వలేదు. “చాల్తాయా అవి?” అని అడిగాడు.

చాలతాయని చెప్పమని నేను లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

“చాలవండి” అన్నారు తాత. “ఎలకలు శానా ఉన్నాయి. అయ్యీ నేనూ కలిసినా అన్నీ పట్టలేం. డ్రెయినుకి ఇవతల చేలు మటుకు మాకొదిలెయ్యండి. మావాళ్ళందర్నీ తీసుకొచ్చి బుట్టలెడతా. అయ్యి ఎక్కువ తిరిగేదీ ఇక్కడే. అవతల మీ ఇష్టం.”

నాన్న అన్నాడు: “ఎలకలన్నిటినీ మేమే పట్టేస్తామని చెప్పుంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నా చేను ఇవతలే ఉంది. నావరకు నేను మందు పెట్టను.” ఇవతలి రైతులు ఇంకో ఐదుగురు సరేనన్నారు. అవతల మర్నాడే మందు పెట్టారు.

తాత తన భార్యని, బావమరుదుల్ని, వాళ్ళ పిల్లల్ని తీసుకొచ్చారు. గట్ల నిండా బుట్టలే. మందు పెట్టిన నాలుగో సాయంత్రం మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఎనిమిదే వచ్చాయి. తాత మరోసారి రాళ్ళు తడిమి చూసుకున్నారు. మర్నాడు అవతలి గట్టు కింద ఒకటి రెక్కలు పరుచుకుని పడి ఉంది. ఆయన దాన్ని తన తువ్వాల్లో చుట్టి తెచ్చి, బీడు అంచున గొయ్యి తీసి పెట్టారు. ఊళ్ళోకి తీసుకెళ్ళి అందరికీ చూపించమన్నాను. “చూపిస్తే తిట్టినట్టుంటది. వాళ్ళ పంట భయం వాళ్ళది” అన్నారు. ఆ సాయంత్రం నాన్న మా వెంట వచ్చాడు. మడత నలగని పంచెతోనే గడ్డిలో చతికిలబడి, ఒక్కొక్కటీ దిగుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. చీకటి పడ్డాక, “ఇరవై ఎనిమిదేనండీ. మీ లెక్క సరిగ్గా ఉంది” అన్నాడు తాతతో. ఆయనతో మా నాన్న ‘అండీ’ అనడం నేను వినడం అదే మొదలు.

ఆ ఏడు మా పంట కొంత పోయింది. అవతలివాళ్ళదీ కొంత పోయింది. ఎవరిది మేలైందో నేను తేల్చి చెప్పలేను. కానీ పై ఏడు అవతలి రైతులు ఇద్దరు, మందు కొనబోయే ముందు, గద్దలెన్ని దిగాయని తాతనే వచ్చి అడిగారు.

ఇప్పుడు విజయవాడలో నా ఉద్యోగం ఊళ్ళలో పెట్టే వైద్య శిబిరాల లెక్కలు చూడటం. మొన్నామధ్య ఒక శిబిరానికి పదిహేడుమందే వచ్చారు. “యాభై అని రాసేద్దాం మేడమ్, ఎవరు చూస్తారు?” అన్నాడు నా కింద పనిచేసే కుర్రాడు, మంచి మనసుతోనే. తక్కువ చూపిస్తే ఆ ఊరికి శిబిరం ఆపేస్తారని అతని భయం. ఆ భయం నేనెరిగిందే. మీటింగులో నా వంతు వచ్చాక లేచి నిలబడ్డాను. పదిహేడని, చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించేలా చెప్పాను. శిబిరం నిలబెట్టడానికి ఆ లెక్క చాలదనీ చెప్పాను. ఆ పదిహేడుమందిలో ఎవరెవరికి మళ్ళీ డాక్టరు కావాలో ఒక్కొక్కరి పేరూ చదివి, ఆ తర్వాతే కూర్చున్నాను.