మూత తీయని మూడు రోజులు

ఆ రోజుల్లో నా నడుము ఎవరి ముందూ వంగేది కాదు. మా ముత్తాతగారికి ఏనుగు ఉండేదట (నేను పుట్టేసరికి దాని అంకుశం కూడా మిగల్లేదు). ఠీవి మాత్రం నా వాటాకు వచ్చింది. తార్నాకలో అద్దెగది, యూనివర్సిటీలో పరిశోధన. ఫ్యాక్టరీల నీరు చేరిన చెరువు బురదలోంచి పట్టిన బ్యాక్టీరియాతో క్రోమియం విషాన్ని విరిచేయించాలి. గాలి అందనప్పుడు అవి లోహాన్నే ఊపిరిగా వాడుకుంటాయి, పసుపుపచ్చ నీరు తేటపడుతుంది. సోమవారానికి తేటపడకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానని మా గైడ్ మేడమ్ తేల్చి చెప్పారు.

బ్యాక్టీరియా వేసిన సీసాలో పసుపు తగ్గలేదు. ఉడికిందో లేదోనని అన్నం చూసినట్టు నాలుగు రోజులుగా గంటకోసారి మూత తీసి చుక్క నీరు పరీక్షిస్తున్నాను. ఎవరినైనా అడగొచ్చుగా అంటారేమో. మా ఇంట్లో అడిగించుకోవడమే గాని అడగడం తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం, గాజుసామాను కడిగే పెద్దాయన (అందరికీ ఆయన సీసాల తాత) నా వెనక నిలబడ్డాడు.

"ఏంది సారూ, గా మూత మాటిమాటికి తీస్తున్నరు?"

"పరీక్ష చేస్తున్నాను," అన్నాను మెడ తిప్పకుండా.

"గట్ల గాలి పోనిస్తే అవి గాలే పీల్చుకుంట కూసుంటయ్. బువ్వ దొరికితే ఇనుము ఎవడు నములుతడు?"

ఆ సంగతే సెమినార్‌లో అరగంట చెప్పినవాణ్ణి నేను! తాత అప్పుడు హాలు వెనక కుర్చీలు సర్దుతూ విన్నాడట.

"మరి ఇప్పుడేం చేయాలి?" అన్నాను. ఈసారి మెడ తిప్పాను.

"మళ్ళ నింపి బిరడా బిగించుండ్రి. సీసా బీరువాల పెడ్త, తాళంచెవి నా దగ్గరుంటది. మీరు చేతులు కట్టుకొని కూసోండ్రి."

నైట్రోజన్‌తో గాలి వెళ్ళగొట్టి, రబ్బరు బిరడా బిగించాం. శనివారం సీతాఫల్‌మండి దాకా నడిచాను, ఆదివారం విద్యానగర్ దాకా. అన్నం సహించలేదు. ఎక్కడ పసుపు రంగు కనిపించినా, ఆటో పైకప్పయినా సరే, గుండె జారేది.

సోమవారం మేడమ్ సీసాను కిటికీ వెలుతురులో ఎత్తి చూశారు. నీరు తేటగా ఉంది, విరిగిన విషం అడుగున పలచటి ఆకుపచ్చ మడ్డిగా దిగింది.

"ఏం చేశావయ్యా?"

"ఏమీ చేయలేదు మేడమ్. తాత చేయనివ్వలేదు."

"సార్ మస్తు కష్టపడ్డడు మేడం," అన్నాడు తాత. "ఊకె కూసునుడు అల్కగుంటదా?"

ప్రాజెక్టు నాకే మిగిలింది. తాతను ఒక్క ప్రశ్న అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, థాంక్స్ చెప్పడానికి ఇంకో ఏడాది. ఆయన రిటైరైన రోజు దండ వేస్తూ చెవిలో చెప్పాను. "దేనికి సారూ?" అన్నాడు నిజంగానే అర్థంకాక. ఏడాదిపాటు ఆ ఒక్క మాటను నేను ఎంత బింకంగా మోశానో తలచుకుంటే, ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.