తిరుమలయ్య చేసిన పన్నెండు రాకెట్లు

సత్యవేడు బజారులో ఇనుప సామాన్లు అమ్మే తిరుమలయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరు ఏ పనిముట్టు అడిగినా "దేనికి?" అంటాడు. జవాబు నచ్చకపోతే అమ్మడు. నచ్చినా చాలాసార్లు అమ్మడు.

మునెమ్మ సుత్తి అడిగింది.

"దేనికి?"

"పటానికి మేకు కొట్టాలన్నా."

"ఒక్క మేకుకు సుత్తి కొంటారా ఎవరైనా?"

అంగడి వదిలి ఆమె వెంట వెళ్ళి, మేకు కొట్టి, పటం వంకర సరిచేసి, మజ్జిగ తాగి, సుత్తితో సహా తిరిగి వచ్చాడు. ఒకాయన గొడ్డలి అడిగితే ముందు చెట్టు చూపించమన్నాడు. చూసి, దానికి కావలసింది ఎరువని చెప్పి, ఎరువుల అంగడికి పంపాడు.

"పెదనాయనా, మనం సామాన్లు అమ్మేవాళ్ళమా, అడ్డంపడేవాళ్ళమా?" అన్నాడు అంగట్లో సాయముండే తమ్ముడి కొడుకు నరేంద్ర.

"దేనికి అడగతా ఉండావు?" అన్నాడు తిరుమలయ్య.

అలాంటి అంగడికి ఒక సోమవారం కోమలి వచ్చింది. తొమ్మిదితో చదువు ఆగిపోయి, ఎదురు టైలరు దగ్గర కాజాలు కుట్టే పిల్ల. మనిషితో మాట్లాడే ముందు చున్నీ అంచుతో కాసేపు మాట్లాడుతుంది.

ఆదివారం తిరుపతిలో బుల్లి రాకెట్లు చేయడం నేర్పుతున్నారు. ఎవరైనా రావచ్చు. ఎగరేసే మందు వాళ్ళే పెడతారు, పనిముట్లు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. కోమలి పేరిచ్చేసింది. శ్రీహరికోటలో లేచే రాకెట్లను మిద్దె మీది నుంచి చూస్తూ పెరిగింది. అంత పొగ, అంత మోత. అది ఇనుము కాక ఇంకేమవుతుంది? డ్రిల్లు, రేకు కత్తెర, రంపం, రివెట్లు అని చీటీ రాసి తెచ్చి తిరుమలయ్య చేతిలో పెట్టింది.

"దేనికి?"

"ఊరికే మామా."

"ఊరికే రివెట్లు కొట్టేవాళ్ళని నేను యాడా చూడలే. రేపు రా."

మంగళవారం "ఇంట్లోకి" అంది. బుధవారం "మా నాయనకి" అంది. వాళ్ళ నాయన బస్సు కండక్టరని తిరుమలయ్యకు తెలుసు. గురువారం అంగట్లో ఆరుగురుండగా, ఇక దారిలేక, "రాకెట్టుకు" అంది.

ఐదుగురు నవ్వారు. ఆరో మనిషికి వినబడలేదు.

తిరుమలయ్య నవ్వలేదు. "ఎన్ని రెక్కలు?" అన్నాడు.

"మూడు. రాకెట్టు రెండు జానల పొడుగు."

"శనివారం రా."

శనివారం కూడా లేదంటే తిరుపతి ప్రయాణం మానేయాలనుకునే వచ్చింది. కొంచెం మానేయాలనే ఉంది కూడా. అక్కడ అందరూ చదువుకునే పిల్లలు. ఏ తరగతి అని అడుగుతారు.

"మామ యాడ అన్నా?"

"గోడౌన్‌లో ఉండాడు," అన్నాడు నరేంద్ర. "తిరుపతికి నా చేత ఫోన్ చేయించినాడు. అది అట్టతో చేస్తారంట. రెండు దినాలుగా బయటికి రాలే. నువ్వే చూడు పో."

తిరుమలయ్య నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వేళ్ళకు మూడు ప్లాస్టర్లు. చుట్టూ పదకొండు అట్ట రాకెట్లు. రంపంతో కోసింది నలిగిపోయింది. డ్రిల్లు పెట్టింది చిరిగింది. రేకు కత్తెర పడింది చపాతీ అయింది. ఒక్కోదాని మీదా, దాన్ని చంపిన పనిముట్టు పేరు పెన్సిలుతో రాసి ఉంది.

"నీ చీటీలో ఒక్కటీ పనికిరాదు పాపా. సన్న బ్లేడు కత్తి, ఇనుప స్కేలు, నున్నంగా రుద్దేదానికి ఉప్పుకాగితం, తెల్ల జిగురు. అంతే. బ్లేడు నొక్కితే అట్ట నలుగుతాది. మెల్లంగా మూడు తూర్లు తిప్పల్ల. సూడు."

పన్నెండోది ఆయన చేతిలో నిటారుగా ఉంది.

"ఇన్ని చేసినావా మామా?"

"ఆడ అందరి ముందర ఒకటి చెడిపోతే, నువ్వు నోరు తెరిచి ఇంకోటి అడగవు. చెడిపోయేటివన్నీ ఈడే చెడిపోనీలే అని."

కోమలి చున్నీ అంచు జోలికి పోలేదు. కత్తి తీసుకుని, అట్ట గొట్టం మీద మెల్లగా మూడుసార్లు తిప్పింది. తెగిన ముక్కను ఆయన కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆడికి," అన్నాడు ఎటో చూస్తూ, "పెద్దోళ్ళని రానిస్తారా?"

కోమలి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తిరుపతిలో రాకెట్లు నేర్పే ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్ చేసింది.

"నా జతకు ఇంకొకరు వస్తారు సార్."

"ఏ తరగతమ్మా?"

కోమలి తిరుమలయ్య వైపు చూసింది. ఆయన రెక్క మీది జిగురు ఆరాలని బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు.

"ఇద్దరమూ ఇప్పుడే చేరినాము సార్," అంది.