గులాబి రంగు తిరిగిన మెట్లబావి

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం. హైదరాబాదులో నీళ్ల పరీక్షలు చేసే సర్కారు ప్రయోగశాలలో నేను కొత్తగా చేరిన సహాయకురాలిని. నా పై అధికారి నెరిసిన గడ్డం పెద్దమనిషి, ముస్లిం. అందరూ సాహెబు అనేవారు. నన్ను కూతురిలా చూసేవారు. కట్టంగూరు దగ్గర ఒక ఊళ్లో మెట్లబావి నీళ్లు గులాబి రంగుకు తిరిగాయని కబురొస్తే ఇద్దరం జీపులో వెళ్లాం. దారి పొడవునా రాళ్లగుట్టలు ఎండలో తేలుతున్నట్టు కనిపించాయి.

అడుగు మెట్టు మీదికి దిగేసరికి పైలోకం మాయమైంది. నీటి మీద పల్చటి పొర. పొద్దు పొడవకముందు ఆకాశం అంచున ఉండే రంగు. కర్రపుల్లతో తాకితే చీలి, మళ్లీ మెల్లగా అతుక్కుంది. భయపడాల్సింది పోయి, అక్కడే కూర్చుని దాన్ని చూస్తూ ఉండాలనిపించింది.

పైన జనం మూగారు. రజాకార్లు పోతూ పోతూ విషం కలిపారని వాళ్ల అనుమానం. ఆడవాళ్లు దూరపు వాగులో చెలిమెలు తవ్వి నీళ్లు తెచ్చుకుంటున్నారు. సాహెబు షేర్వానీ చూసి ఒక రైతు అననే అన్నాడు:

"కలిపినోళ్లే పరీక్ష జెయ్య వచ్చిండ్రా?"

సాహెబు ముఖం వాడిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"విషమో కాదో తేలినంక నేనే వచ్చి చెప్త. జర ఓపిక పట్టుండ్రి."

సీసాలను మంచుగడ్డల నడుమ పెట్టుకుని వెనక్కి వచ్చాం. నీళ్లలో విషం జాడ లేదు. కలరా క్రిమీ లేదు. సూక్ష్మదర్శినిలో మాత్రం సన్నని కడ్డీల్లాంటి జీవులు నిదానంగా ఈదుతున్నాయి. ఆ నీటిచుక్కలు వేసి ఒంటి వేడిమిలో ఉంచిన గాజుపళ్లేల మీద ఏమీ మొలవలేదు. మంచు పెట్టిన చల్లని అరలో ఉంచినవాటి మీద గులాబి చుక్కలు పూశాయి. అది ఏ క్రిమో పోల్చుకోవడానికి రకరకాల చక్కెరలు పెట్టి ఏది పులుస్తుందో చూశాం. ఆ క్రిమిని ఎలుకలకు ఎక్కించాం, వాటికేమీ కాలేదు. మా పుస్తకాల్లోని ఏ క్రిమికీ ఈ లక్షణాలు కుదరలేదు.

"బేటీ, దీనికింకా పేరు లేదు," అన్నారు సాహెబు, నిద్రపోతున్న పసిపాప దగ్గర మాట్లాడినట్టు.

మళ్లీ ఆ ఊరు వెళ్లాం. విషం లేదని, అది హాని చేయని క్రిమి అని ఆయన చెప్పినా జనం బావికి దూరంగానే నిలబడ్డారు. సాహెబు మెట్లు దిగి, దోసిలితో నీళ్లు తీసుకుని తాగారు. ఇంతలో ఒక ముసలమ్మ గోడ పట్టుకుని దిగింది.

"ఒక్కనివే తాగుతవా సాబ్? పోతే ఇద్దరం పోదాం," అని తనూ తాగింది. మూతి తుడుచుకుని పైకి చూసింది. "మన నీళ్లే! మంచిగనే ఉన్నయ్."

జనం ఒక్కసారిగా నవ్వారు. ఆ రైతు తల దించుకుని దగ్గరికొచ్చాడు.

"మాట జారిన సాబ్. మా ఇంట్ల సల్ల తాగి పోండ్రి."

"తాగుత. మీరు మాత్రం గీ నీళ్లు కాచి తాగుండ్రి," అన్నారు సాహెబు.

పేరు పెట్టాలంటే ఇంకా పరీక్షలు మిగిలే ఉన్నాయి. ఈలోగా వడగాడ్పులకు నగరంలో మంచు దొరకక, మా పళ్లేలలోని చుక్కలన్నీ చచ్చిపోయాయి. వానలు పడ్డాక బావికి వెళితే ఎర్రమట్టి నీళ్లు సగం మెట్లదాకా నిండి ఉన్నాయి. ఆ తర్వాత ఎన్ని బావుల నీళ్లు చూసినా అది మళ్లీ కనిపించలేదు. ఒక్కోసారి మధ్యాహ్నపు కునుకులో ఆ చల్లని మెట్టు మీద నిలబడి ఉంటాను. పక్కనే సాహెబు, ఏం పేరు పెడదామని అడుగుతుంటారు.