హేమ చెప్పింది, నాయన రాశాడు

కరోనా తర్వాత బడులు మామూలుగా నడుస్తున్న రెండో ఏడాది. నేను పుత్తూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుండగా హేమ, మేనమామ స్కూటీ వెనక కూర్చుని వస్తూ కిందపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టుతోనే బడికొచ్చింది గానీ పెన్ను పట్టుకోలేకపోయింది.

వాళ్ల నాయన మునిరత్నం ఆటో నడుపుతాడు. "ఈ ఏడు పరీక్ష వద్దులే మేడం. చెయ్యి బాగయినాక వచ్చే ఏడు రాస్తాది" అన్నాడు. పక్కన హేమ తల దించుకుని నిలబడింది. తోటివాళ్లంతా ఇంటర్‌కి వెళ్లిపోతే తనొక్కతే వెనకబడిపోతుంది. డాక్టరు సర్టిఫికెట్ పెడితే స్క్రైబ్‌ని ఇస్తారని చెప్పాను. స్క్రైబ్ అంటే మనం చెప్పింది రాసిపెట్టే మనిషి. కింది తరగతి పిల్లల్లోంచి ఎంచుతారు, సొంతంగా ఏమీ రాయకూడదు. అందాకా ఇంట్లో హోంవర్క్ మునిరత్నమే రాయాలనీ, హేమ చెప్పింది మాత్రమే రాయాలనీ చెప్పి పంపాను. ఆయన చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సొంతంగా ఏమీ కలపలేడు కాబట్టి ఈ పనికి అదే మేలనిపించింది.

మర్నాడు వచ్చిన హోంవర్క్‌లో మొదటి లెక్కే తప్పు. ఒక సంఖ్యకు రెండు కలిపి, ఆ మొత్తాన్ని మూడుతో గుణిస్తే ఇరవై ఒకటి. ఆ సంఖ్య ఐదని హేమకి తెలుసు. కాగితం మీద మాత్రం 3x + 2 = 21 అని ఉంది. మూడు ఇంటూ ఎక్స్ ప్లస్ రెండు అని తను సరిగ్గానే చెప్పిందట, నాయనే బ్రాకెట్ పెట్టలేదట. దానికి ఇంట్లో ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. ఆ సమీకరణంలో ఎక్స్ బదులు ఐదు వేసి చూడమన్నాను. ఎడమవైపు పదిహేడు వచ్చింది. హేమ రాత్రి తను చెప్పిన మాటల్ని మళ్లీ మెల్లగా పైకి అనుకుంది.

"నాయన తప్పు కాదు మేడం. నేనే బ్రాకెట్ చెప్పలా" అంది.

జామెట్రీ ఇంకా కష్టమైంది. బయటి బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖలు, అంటే వృత్తాన్ని ఒక్కచోటే తాకే గీతలు గీయాలి. ఒక సాయంత్రం ఇద్దర్నీ స్టాఫ్ రూంలో కూర్చోబెట్టాను. మధ్యలో కంపాస్ ముల్లు పెట్టమంది హేమ. ఆయన ముల్లు గాల్లోనే ఆపాడు.

"ఏ మధ్యలో పాపా? ఈడ రెండు మధ్యలు ఉండాయి."

నిజమే. ఒకటి వృత్త కేంద్రం, రెండోది ఆ కేంద్రానికీ బయటి బిందువుకీ నడుమ ఉన్న చోటు. హేమ కళ్లు మూసుకుని ఆలోచించి, ప్రతి బిందువుకీ పేరు పెట్టుకుంటూ మళ్లీ మొదట్నుంచి చెప్పింది. కేంద్రం ఓ, బయటిది పి, వాటి నడిమిది ఎం.

"ఎం మీద ముల్లు పెట్టు నాయనా. పెన్సిలు ఓ దాకా జరుపు. ఇప్పుడు చుట్టూ తిప్పు."

రెండు వృత్తాలు ఖండించుకున్న చోట్ల నుంచి పి దాకా గీతలు గీశాక, మునిరత్నం కాగితం ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు. పరీక్ష మానిపించే మాట ఆ తర్వాత ఎత్తలేదు.

పరీక్షలో హేమ చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. హేమ హాలు నుంచి బయటికొచ్చి, "ఆ పాప ఒక్కసారి కూడా 'ఏది' అని అడగలా మేడం" అంది. చెయ్యి బాగున్నప్పుడు లెక్కల్లో వచ్చే మార్కులకంటే మంచి మార్కులే వచ్చాయి.

అంతకుముందు ఆమె నోట్సులో ఎన్నో లెక్కలకి రైట్ కొట్టాను. అవి తనకి ఎంతవరకు అర్థమయ్యాయో నాకు తెలిసింది మాత్రం ఆమె పెన్ను పట్టలేని రోజుల్లోనే. ఇప్పుడు నా క్లాసులో తరచూ ఒకరు నోటితో లెక్క చెబుతారు, ఇంకొకరు బోర్డు మీద రాస్తారు. రాసేవాళ్ల చాక్‌పీస్ ఎక్కడ ఆగితే ఆ రోజు పాఠం అక్కడే మొదలుపెడతాను.