సున్నం మాన్పించిన ఇల్లు

పిన్ని గుండెలో సున్నం పేరుకుందని బందరు డాక్టరు చెప్పిన రోజే, మా బాబాయి ఇంటికొచ్చి ఆమె ఆకుల పళ్లెంలోంచి సున్నపు డబ్బీ తీసి అటక మీద పెట్టేశాడు. దాంతో వైద్యం పూర్తయిందని ఆయన నమ్మకం.

డాక్టరు చెప్పింది వేరు. చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరం పిన్ని గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. ఏళ్లు గడిచేకొద్దీ దానిమీద సున్నం పేరుకుని, అది సరిగ్గా తెరుచుకోకుండా బిగుసుకుపోయింది. ఆకులో రాసుకునే సున్నానికీ దీనికీ సంబంధం లేదు. కానీ అలా గరుకుతేలిన చోట క్రిములు సులువుగా తిష్ఠ వేస్తాయి. పన్ను పీకించుకోవాలన్నా ముందుగా పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. లేకపోతే చిగుళ్లలో ఉన్న క్రిములు నెత్తుట్లో కలిసి గుండెకు చేరి ప్రాణం మీదికి తెస్తాయి. ఈ మాటలు నేనూ విన్నాను, బాబాయీ విన్నాడు. ఆయనకు సున్నం ఒక్కటే గుర్తుండిపోయింది.

అప్పట్లో నేను గుడివాడలో పంతులుగా ఉండేవాణ్ణి. సెలవు రోజుల్లో దివిసీమ ఊళ్లకు వెళ్లి దేవుడు లేడని, ముహూర్తాలు బూటకమని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. బాబాయి ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టేవాడు. ఆయనా నాస్తికుడే. అలాంటి మనిషితో సున్నం గురించి వాదించి అలిసిపోయినంతగా నేను ఏ శాస్త్రులుగారితోనూ అలిసిపోలేదు.

"వేణ్ణీళ్ల కాగుకి సున్నం పడితే ఏం చేస్తాం? ఆ నీళ్లు మానేస్తాం. నువ్వు చెప్పే సైన్సే కదయ్యా ఇది!" అనేవాడు.

"గుండె కాగు కాదు బాబాయ్. ఆవిడ దవడపన్ను కదులుతోంది, ముందు దాని సంగతి చూడండి."

"పన్నెక్కడ, గుండెక్కడ? వాదన లేకపోతే నీకు అన్నం అరగదు."

పిన్ని గిల్టు గొలుసుకు లంకెలు కలుపుతూ, "ఒరేయ్, మీ వాదన తేలేలోపు నేను పోతాను గానీ, ముందా డబ్బీ దింపరా. సున్నం లేని ఆకు గడ్డి నమిలినట్టుంది," అనేది.

చిలకలపూడిలో వాళ్ల వీధంతా గిల్టు నగల పనే. ప్రతి అరుగు మీదా తీగ వంచే పట్టకార్లుంటాయి. పన్ను కదిలితే ఆ వీధిలో ఎవరూ ఆస్పత్రికి వెళ్లరు. పొరుగింటి పెద్దాయన ముందు కూర్చుని నోరు తెరుస్తారు. ఆయన పట్టకారును దీపం మంటలో కాల్చి, చల్లారాక పన్ను లాగి, ఉప్పునీళ్లు పుక్కిలించమంటాడు. శుభ్రత తెలిసిన మనిషే. కానీ భయపడాల్సింది పట్టకారు మీది క్రిములకు కాదు, నోట్లో ముందే ఉన్నవాటికి. ఆ మాట డాక్టరు నోటే విన్న బాబాయి, నేను ఊళ్లో లేనప్పుడు, పిన్ని నొప్పి ఓర్చుకోలేక ఆ పెద్దాయన ముందు కూర్చుంటే పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాడు.

కొన్నాళ్లకు సాయంత్రాలు సన్నగా జ్వరం మొదలైంది. మలేరియా అనుకున్నారు. నేను వెళ్లేసరికి పిన్ని మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. పన్ను సంగతి అప్పుడు బయటపడింది. కోప్పడే ఓపిక కూడా లేక రిక్షా పిలిచాను.

డాక్టరు గుండె విని, గోళ్లు చూసి, "పన్ను తీయించే ముందు ఇంజక్షన్ వేయించారా?" అని అడిగాడు.

"సున్నం పూర్తిగా మాన్పించామండీ," అన్నాడు బాబాయి.

వారాల తరబడి పగలూ రాత్రీ సూదులే. పొడిచీ పొడిచీ పిన్ని ఒళ్లు గడ్డలు కట్టింది. చివరికి జ్వరం దిగింది గానీ, గుండె మునుపటిలా లేదు. పెరట్లో నూతి దాకా వెళ్లొచ్చినా ఆయాసమే.

ఇంటికి తెచ్చిన రోజు వీధంతా చూడ్డానికొచ్చింది. "సున్నం మాన్పించబట్టి ఈమాత్రం బతికింది," అన్నాడు బాబాయి. పొరుగింటి పెద్దాయన, "అవునండీ, అదే కాపాడింది," అని తలూపాడు. వేదికల మీద గంటల తరబడి మాట్లాడే నేను, చేతిలోని మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను.

మరుసటి ఏడాది, పీకించిన పన్ను పక్కది కదిలింది. ఈసారి పిన్నే గుడివాడకు కబురు పంపింది: "పెద్దాయన పట్టకారు పట్టుకుని పిలుస్తున్నాడు. రానన్నాను. నువ్వు రా."

వెళ్లాను. ఆస్పత్రిలో ముందుగా సూది వేయించి, ఆ తరవాతే పన్ను తీయించాను. తిరిగి వస్తుంటే, దవడలో దూది కుక్కుకున్న పిన్ని రిక్షా ఆపించి కిళ్లీకొట్టు వైపు వేలు చూపింది.

"ఒక ఆకు చుట్టు. సున్నం దండిగా రాయి," అన్నాను కొట్టువాడితో.

నమలడానికి వీల్లేదు కదా, ఆ కిళ్లీని కొంగున ముడేసుకుంది. ఇల్లు కనబడుతుండగా దూది పక్కకు నెట్టి, "మీ బాబాయికి చెప్పకు," అంది.